పాత కారుకి ఎక్స్‌ట్రా స్విచ్‌లు పెట్టాక బ్యాటరీ దిగిపోకుండా ఎలా చూసుకోవాలి

పాత కారు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చేసే పని ఒకటుంది, రెండు వారాలు కారు తియ్యరు, ఆ తర్వాత కీ తిప్పి సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఊరుకుంటుంది, వెంటనే బ్యాటరీ పోయిందని కొత్తది వేయిస్తారు, అదీ నెల తిరక్కుండా అలాగే పడుకుంటుంది. అప్పుడు ఎవరో కిల్ స్విచ్ (బ్యాటరీని కారు మొత్తం నుంచి విడదీసే స్విచ్) పెట్టించుకోమంటారు, పెట్టిస్తారు, ప్రాబ్లం పోయినట్టే ఉంటుంది. కానీ కరెంట్ కారే చోటు అలాగే ఉంది, దాని ముందు తలుపు వేశారంతే. ఏదో ఒకరోజు ఆ స్విచ్ ఆపడం మర్చిపోతే మళ్ళీ మొదటికే.

నేను చెప్పేది దీనికి రివర్స్ ఆర్డర్. ముందు లీకేజీ ఎంతుందో కొలవండి, తర్వాత మీరు గానీ మీకంటే ముందు ఓనర్లు గానీ పెట్టించిన స్విచ్‌లన్నీ ఎక్కడి నుంచి కరెంట్ తీసుకుంటున్నాయో వెతికి కీ కిందకి, అంటే కీ వేస్తేనే కరెంట్ వచ్చేలా, తెచ్చెయ్యండి, అన్నిటికంటే చివర్లో కిల్ స్విచ్. ఎందుకంటే కార్బురేటర్, పాయింట్లు (స్పార్క్ కోసం ఇగ్నిషన్ కాయిల్ కరెంట్‌ని కలిపి తెంపే కాంటాక్టులు) ఉన్న పాత కారుకి కంప్యూటర్లు లేవు, కీ తీసేశాక అది తాగాల్సిన కరెంట్ దాదాపు సున్నా. గడియారం ఉంటే కొన్ని మిల్లీయాంప్స్, మెమరీ ఉన్న స్టీరియో ఉంటే ఇంకో కొన్ని, అంతకుమించి ఏం కనిపించినా అది తర్వాత ఎవరో తగిలించింది, లేదా ఏదో పాడైంది. కొత్త కార్లకి 50 మిల్లీయాంప్స్ దాకా మామూలే అని చదివి అదే లెక్క పాత కారుకి వేసుకోకండి.

లెక్క కూడా ఒకసారి చూసేద్దాం, పెద్దదేం కాదు. యాంప్స్‌ని 24తో గుణిస్తే రోజుకి ఎన్ని యాంపియర్ అవర్స్ పోతున్నాయో వస్తుంది. డిక్కీలో ఒక 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతోందనుకోండి, దాదాపు 0.4 యాంప్స్, అంటే రోజుకి 10 యాంపియర్ అవర్స్, 60 యాంపియర్ అవర్స్ బ్యాటరీ మూడు రోజుల్లో సగానికొస్తుంది, వారంలోపే చచ్చిపోతుంది. ఒక రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) కాయిల్ ఊరికే ఆన్‌లో ఉంటే 150 మిల్లీయాంప్స్ అటూఇటూ, రోజుకి 3.6, ఎనిమిది రోజుల్లో సగం. స్విచ్‌లో ఉండే చిన్న ఎల్ఈడీ అయితే 10 మిల్లీయాంప్స్, నెలకి 7 యాంపియర్ అవర్స్, ఇదొక్కటే చంపదు గానీ ఇలాంటివి నాలుగు కలిస్తే చంపుతుంది. వీటికి తోడు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ వైరూ లేకుండా అల్మారాలో కూర్చున్నా నెలకి కొంత దానంతటదే దిగుతుంది, వేడి ఎక్కువుంటే ఇంకా త్వరగా.

మొదలుపెట్టే ముందు

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. 10 యాంప్స్ డీసీ కొలవగల మల్టీమీటర్, ఒక 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు సోల్డర్ చేసి చివర క్లిప్పులు పెట్టిన టెస్ట్ ల్యాంప్, టెర్మినల్ సైజు స్పానర్, కళ్ళజోడు. చేతికి ఉంగరం, స్టీల్ వాచ్ ఉంటే తీసెయ్యండి, ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం పడితే అది ఎర్రగా కాలిపోవడానికి సెకను చాలు. బ్యాటరీ ఛార్జింగ్ నుంచి అప్పుడే తీసుంటే కాసేపు ఆగండి, పైన హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ పడితే పగిలిపోతుంది.

ఇంకోటి, మీ కారు ఏ ఎర్తో చూసుకోండి. 1960ల చివరిదాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లు పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ టెర్మినల్ బాడీకి వెళ్తుంది. కింద నేను ఎర్త్ వైరు అన్న ప్రతిచోటా మీ కారులో బాడీకి వెళ్ళే లావు వైరు అని అర్థం చేసుకోండి, అది ప్లస్ అయినా మైనస్ అయినా సరే. తియ్యడం ఎప్పుడూ ఎర్త్ ముందు, పెట్టడం ఎర్త్ చివర.

స్టెప్ 1: బ్యాటరీ బాగుందా లేదా తేల్చుకోండి

ఫుల్ ఛార్జ్ చేసి, ఎర్త్ వైరు విప్పేసి, ఒక రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున వోల్టేజ్ చూడండి. 12.6 నుంచి 12.7 ఉంటే ఫుల్, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 దగ్గరికొస్తే పావే మిగిలింది. ఆరు వోల్టుల కారైతే ఇందులో సగం లెక్క, ఫుల్ అంటే 6.3. వైరు విప్పి ఉన్నా వోల్టేజ్ పడిపోతోందంటే కారు తప్పు కాదు, బ్యాటరీలోనే సెల్ పోయింది, లేదా బ్యాటరీ పైభాగం మురికిగా ఉండి దాని మీద నుంచే కరెంట్ పాకుతోంది.

ఈ రెండోది చాలామంది చూడరు. మీటర్‌ని వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబ్ మైనస్ టెర్మినల్ మీద, ఎర్ర ప్రోబ్‌ని బ్యాటరీ మూతల మధ్య ప్లాస్టిక్ మీద మెల్లగా జరుపుతూ పోండి. శుభ్రంగా ఉంటే సున్నా చూపించాలి. అర వోల్టో, ఒకటిన్నరో కనిపిస్తే ఆ దుమ్ములో యాసిడ్ తడి కలిసి కరెంట్‌కి దారి వేసిందన్నమాట. నీళ్ళలో బేకింగ్ సోడా కలిపి తుడవండి, నురగ వస్తే వచ్చినంతసేపు తుడవండి, సెల్స్ మూతలు మాత్రం గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్ళు లోపలికి పోకూడదు.

స్టెప్ 2: లీకేజీ కొలవండి

కీ తీసెయ్యండి, అన్ని డోర్లూ వెయ్యండి, బానెట్ కింద లైట్ ఉంటే దాని బల్బు పీకెయ్యండి. ఎర్త్ వైరు విప్పి, టెర్మినల్‌కీ ఆ వైరుకీ మధ్య ముందు టెస్ట్ ల్యాంప్ పెట్టండి, మీటర్ పెట్టకండి. బల్బు బాగా వెలిగితే లోపల పెద్ద లోడ్ ఏదో ఆన్‌లో ఉంది, ఆ పరిస్థితిలో మీటర్ పెడితే దాని ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. బల్బు అసలు వెలగకపోతే అప్పుడు దాని ప్లేస్‌లో మీటర్, ఎర్ర వైరు 10 యాంప్స్ సాకెట్‌లో పెట్టి. మీటర్ మధ్యలో ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, హెడ్‌లైట్ వెయ్యకండి, ఎవరినీ కారులో కూర్చోనివ్వకండి.

కొన్ని పాత కార్లలో గడియారం స్ప్రింగ్‌తో నడుస్తుంది, ఆ స్ప్రింగ్‌ని కరెంట్ అప్పుడప్పుడు చుట్టి వదుల్తుంది. అలాంటిదుంటే మీటర్ సున్నా దగ్గర ఉండి ఉండి నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్కసారి టక్‌మని ఎగిరి మళ్ళీ పడిపోతుంది. అది లీకేజీ కాదు, కంగారుపడకండి. కానీ బ్యాటరీ దిగిపోయినప్పుడు ఆ గడియారానికి స్ప్రింగ్ చుట్టే శక్తి చాలక లోపల పాయింట్లు అతుక్కుని కాలిపోతాయి, పాత కార్లలో గడియారాలు ఆగిపోయి ఉండటానికి ఇదో ముఖ్య కారణం. అంటే బ్యాటరీని కాపాడుకుంటే గడియారం కూడా బతుకుతుంది.

రీడింగ్ వచ్చిందిగా, ఇప్పుడు ఎక్కడో వెతకాలి. కొత్త కార్లలో లాగా ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతూ పోవచ్చు గానీ పాత కార్లలో ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది, చాలా బ్రిటిష్ కార్లలో మొత్తం కలిపి ఉండేవి రెండో నాలుగో గాజు ఫ్యూజులు, హెడ్‌లైట్లకీ ఇగ్నిషన్‌కీ ఫ్యూజే ఉండదు. కాబట్టి ఫ్యూజ్ బాక్స్ కంటే ముందు బ్యాటరీలో ఎర్త్ కాని టెర్మినల్ దగ్గరికీ, స్టార్టర్ సొలినాయిడ్ (స్టార్టర్‌కి కరెంట్ కలిపే పెద్ద స్విచ్) మీద లావు బోల్టు దగ్గరికీ వెళ్ళండి. కంపెనీ ఇచ్చిన వైర్లు కాకుండా ఆ బోల్టు మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నటి వైర్లు ఎన్ని ఉన్నాయో చూడండి, ఒకటి ఎర్రది, ఒకటి పసుపు, ఒకటి ఇన్సులేషన్ టేపు జిగురు కారుతూ, ఇవన్నీ తర్వాత వచ్చిన చుట్టాలే. ఎర్త్ వైపు పెట్టిన మీటర్ చూస్తూ ఒక్కొక్కటీ విప్పుతూ పోండి, ఏది తీసినప్పుడు రీడింగ్ పడిందో అదే దొంగ. విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగలకుండా చూసుకోండి. మీటర్ సిరీస్‌లో ఉంది కాబట్టి షార్ట్ అయితే దాని ఫ్యూజ్ అడ్డుపడుతుందనేది నిజమే గానీ దాని మీద ఆధారపడొద్దు.

అవన్నీ తీసినా రీడింగ్ అలాగే ఉంటే ఈ కింది వాటిని చూడండి. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పండి, రీడింగ్ పడితే లోపల డయోడ్ (కరెంట్‌ని ఒక వైపే పోనిచ్చేది) పోయింది. డైనమో (ఆల్టర్నేటర్‌కి ముందు కాలపు జనరేటర్) ఉన్న కారైతే కటౌట్ (ఇంజన్ ఆగితే డైనమోని బ్యాటరీ నుంచి విడదీసేది) మూత తీసి చూడండి, ఇంజన్ ఆగినప్పుడు ఆ కాంటాక్టులు విడిపోయి ఉండాలి, అతుక్కుపోయి ఉంటే బ్యాటరీ నుంచి డైనమోలోకి చాలా పెద్ద కరెంట్ వెనక్కి పారుతుంది, వైర్లు కూడా వేడెక్కుతాయి, ఇది వాయిదా వేసే పని కాదు, వెంటనే ఎర్త్ విప్పెయ్యండి. బ్రేక్ లైట్ స్విచ్ ఇరుక్కుపోయినా రెండు 21 వాట్ల బల్బులు కలిపి 3.5 యాంప్స్ లాగేస్తాయి, కొన్ని కార్లలో ఇది కీ ఆఫ్‌లోనూ వెలుగుతుంది. డిక్కీ లైట్, గ్లవ్ బాక్స్ లైట్ మూత వేశాక ఆరుతున్నాయో లేదో మీకు కనపడదు కాబట్టి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత వేసి తియ్యండి.

స్టెప్ 3: ప్రతి ఎక్స్‌ట్రా స్విచ్ ఎక్కడి నుంచి తాగుతోంది

అసలు కథ ఇక్కడే. స్విచ్ పెట్టడం తప్పు కాదు, పాత కారుకి ఫాగ్ లైట్లు, ఎలక్ట్రిక్ ఫ్యాన్, స్టీరియో, ఫోన్ ఛార్జర్ లేకుండా ఎలా. కానీ పెట్టేవాళ్ళు ఈజీగా ఉంటుందని డైరెక్ట్ బ్యాటరీ నుంచో, ఎప్పుడూ కరెంట్ ఉండే వైరు నుంచో లాగేస్తారు, ఇక ఆ స్విచ్ ఆపడం మనిషి గుర్తు మీద ఆధారపడుతుంది. ఆ స్విచ్‌కి వచ్చే కరెంట్ కీ తర్వాత నుంచి రావాలి, అప్పుడు మీరు మర్చిపోయినా కీ మర్చిపోదు.

చెక్ చెయ్యడానికి మీటర్ కూడా అక్కర్లేదు. ఎర్త్ వైరు మళ్ళీ మామూలుగా బిగించండి, కీ జేబులో పెట్టుకోండి, చుట్టూ శబ్దం లేకుండా చూసుకుని డ్యాష్‌బోర్డ్ మీద తర్వాత పెట్టిన ప్రతి స్విచ్‌నీ ఒక్కోటి ఆన్ ఆఫ్ చేస్తూ వినండి. బానెట్ కింద ఎక్కడో సన్నగా టిక్ అని వినిపిస్తే ఆ రిలే కీ లేకుండానే పనిచేస్తోంది. ఇందులో మోసం ఏంటంటే ఆ రిలే ఇచ్చే లైటు బల్బు పోయి ఉండొచ్చు, లేదా ఫ్యాన్ వైరు ఊడిపోయి ఉండొచ్చు, బయటికి ఏమీ ఆన్‌లో లేనట్టే ఉంటుంది, లోపల రిలే కాయిల్ మాత్రం రాత్రీ పగలూ తాగుతూనే ఉంటుంది. లైటే వెలగట్లేదు కదా అని స్విచ్ ఆన్‌లో వదిలేసిన కార్లు చాలా ఉంటాయి.

రెండోది వెలిగే స్విచ్‌లు. మూడు కాళ్ళుండే రాకర్ స్విచ్ ఉంటుంది కదా, ఒకటి సప్లై, ఒకటి లోడ్, ఒకటి ఎర్త్, లోపలి లైటు లోడ్ కాలుకీ ఎర్త్ కాలుకీ మధ్య ఉంటుంది. సప్లై, లోడ్ వైర్లు తారుమారు చేస్తే స్విచ్ పని మామూలుగానే చేస్తుంది, ఆన్ చేస్తే ఆన్, ఆఫ్ చేస్తే ఆఫ్, కానీ దాని లైటు మాత్రం ఎప్పుడూ ఆరదు. పగలు కనపడదు. ఎల్ఈడీ అయితే తక్కువే, కానీ పాత రకం 1.2 వాట్ల చిన్న బల్బు అయితే 100 మిల్లీయాంప్స్, రోజుకి 2.4 యాంపియర్ అవర్స్ వృథా. రాత్రి కీ తీసేసి కారులో చీకట్లో కూర్చోండి, ఎక్కడ చిన్న వెలుగు కనిపించినా అది డబ్బు చెల్లించని అద్దెదారు. ఆ రెండు వైర్లూ మారిస్తే చాలు. అదే చీకట్లో సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చిన ఛార్జర్ లైటు, చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ కూడా పట్టుబడతాయి. బ్యాటరీ ఎంతుందో చూసుకోవడానికి పెట్టిన వోల్ట్‌మీటరే బ్యాటరీని తాగడం కంటే విడ్డూరం ఏముంటుంది.

స్టెప్ 4: వాటిని కీ కిందకి తెచ్చెయ్యండి

కరెంట్ ఏ వైరులో ఎప్పుడుంటుందో తెలియాలంటే రంగులు చూడండి. లూకాస్ (బ్రిటిష్ ఎలక్ట్రికల్ పార్టుల కంపెనీ) వైరింగ్ ఉన్న చాలా బ్రిటిష్ కార్లలో గోధుమ రంగు వైరు ఎప్పుడూ లైవ్, ఫ్యూజ్ లేదు; ఊదా రంగు ఎప్పుడూ లైవ్ కానీ ఫ్యూజ్ ఉంది; తెలుపు కీ వేస్తేనే, ఫ్యూజ్ లేదు; ఆకుపచ్చ కీ వేస్తేనే, ఫ్యూజ్ ఉంది. జర్మన్ కార్లలో నంబర్లు, 30 అంటే ఎప్పుడూ లైవ్, 15 అంటే కీ తర్వాత, 31 అంటే ఎర్త్. అయితే ఇన్నేళ్ళ కారులో రంగు చూసి నమ్మెయ్యకండి, మధ్యలో ఎవరు ఏ వైరు అతికించారో తెలీదు, కీ వేసీ తీసీ మీటర్‌తో ఒకసారి చూసుకోండి.

చిన్న లోడ్లు, అంటే ఫోన్ ఛార్జర్, వోల్ట్‌మీటర్ లాంటివి, కీ తర్వాత ఫ్యూజ్ ఉన్న వైరుకి మార్చేస్తే అయిపోతుంది. పెద్దవాటికి అలా చెయ్యకండి. పాత ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అప్పటి లోడ్‌కి చేసినవి, వాటి మీద ఫాగ్ లైట్ల 9 యాంప్స్ కూడా వేస్తే కొన్నాళ్ళకి కీ తిప్పితే ఇంజన్ తగిలీ తగలకుండా నడుస్తుంది. పెద్దవాటికి రిలే పెట్టాలి, కనెక్షన్ ఇలా. రిలే 30 కాలుకి బ్యాటరీ నుంచి లావు వైరు, ఆ వైరు మొదట్లోనే, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజ్. 87 కాలు నుంచి లైటుకి. 85 బాడీకి. 86 కాలుకి మీ డ్యాష్‌బోర్డ్ స్విచ్ నుంచి వైరు, ఆ స్విచ్‌కి సప్లై కీ తర్వాత వైరు నుంచి. ఇలా చేస్తే కీ మీద పడే భారం రిలే కాయిల్ 150 మిల్లీయాంప్స్ మాత్రమే. డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 ప్లస్ మైనస్ మారకూడదు, పాజిటివ్ ఎర్త్ కారువాళ్ళు డయోడ్ లేనిదే కొనుక్కోవడం మేలు. ఫోన్ ఛార్జర్లు కూడా అంతే, పాజిటివ్ ఎర్త్ కారు సాకెట్‌లో డైరెక్ట్‌గా గుచ్చితే ఉల్టా కరెంట్ వెళ్ళి కాలిపోతాయి.

ఇలాంటివి నాలుగైదు ఉంటే ఒక్కోదానికి కీ వైరు వెతక్కండి. ఒక చిన్న ఫ్యూజ్ బాక్స్ కొని, దానికి వచ్చే మెయిన్ సప్లైని ఒక 70 యాంప్స్ రిలేతో కీ వేస్తేనే వచ్చేలా పెట్టి, అన్ని ఎక్స్‌ట్రాలనీ ఆ బాక్స్ నుంచే లాగండి. కీ తీస్తే మొత్తం గుంపు ఒక్కసారి చస్తుంది. నాకైతే పాత కారుకి చేసే ఎలక్ట్రికల్ పనుల్లో దీనంత సుఖమైంది ఇంకోటి లేదు, తర్వాత ఏది పెట్టాలన్నా ఒరిజినల్ వైరింగ్ కొయ్యక్కర్లేదు కూడా. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ని తప్పనిసరిగా రిలే మీదే పెట్టండి, దాన్ని నేరుగా ఇగ్నిషన్ వైరుకి కలిపితే కీ తీశాక తిరుగుతున్న ఫ్యాన్ డైనమోలా పనిచేసి ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంట్ వెనక్కి పంపుతుంది, ఇంజన్ ఆగకుండా కాసేపు గునుస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వెలిగే హజార్డ్ స్విచ్ మాత్రం ఈ బాక్స్‌లోకి తేవద్దు, అది కీ లేకుండానే పనిచెయ్యాలి.

కీ విషయంలోనే ఇంకో మాట. ఇంజన్ ఆపి రేడియో వినడానికి కీ ఇగ్నిషన్ పొజిషన్‌లోనే వదిలెయ్యకండి. పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్‌లోంచి 3, 4 యాంప్స్ పారుతూనే ఉంటాయి, బ్యాటరీ దిగుతుంది, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కీకి యాక్సెసరీ పొజిషన్ లేని కార్లలో స్టీరియోకి మాత్రం విడిగా ఎప్పుడూ లైవ్ వైరు, మధ్యలో స్విచ్ పెట్టుకోవచ్చు, అది కావాలని చేసిన మినహాయింపు.

స్టెప్ 5: ఇప్పుడు కిల్ స్విచ్

అన్నీ సరిచేశాక మళ్ళీ మీటర్ పెట్టి చూడండి, గడియారానికి మించి ఏమీ లేదు అనుకున్నాకే ఇది. అప్పుడది రోగాన్ని దాచే ముసుగు కాకుండా నెలల తరబడి నిలబెట్టినప్పుడు భద్రతకీ, వైరింగ్‌లో ఎక్కడైనా షార్ట్ అయితే చేతితో ఆపడానికీ, దొంగని కాస్త ఇబ్బంది పెట్టడానికీ పనికొస్తుంది.

ఏ రకం? టెర్మినల్ మీదే కూర్చునే ఆకుపచ్చ మర ఉండేది షెడ్‌లో నిలబెట్టే కారుకి సరిపోతుంది, కానీ మర వదులైతే సెల్ఫ్ బలహీనంగా తిరుగుతుంది, కాంటాక్ట్ వేడెక్కుతుంది, ప్రతిసారీ బానెట్ ఎత్తాలి. కత్తిలా తెరిచి మూసేది కంటికి తెలిసిపోతుంది, అది మంచిదే, స్ప్రింగ్ పట్టు వదులు కాకుండా చూసుకోవాలి. ఎర్ర కీ తీసుకెళ్ళిపోగలిగే రోటరీ స్విచ్ నా ఓటు. ఏదైనా సరే దాని మీద రాసిన రేటింగ్ చూడండి, స్టార్టర్ 150 నుంచి 300 యాంప్స్ దాకా లాగుతుంది, కాబట్టి కంటిన్యూస్ 100 పైన, కొన్ని సెకన్లకి 500 పైన తట్టుకునేది తీసుకోండి. ఆరు వోల్టుల కార్లలో అదే పనికి రెట్టింపు కరెంట్ కావాలి, అక్కడ ఇంకా పెద్దది.

ఎర్త్ వైపే పెట్టండి. రెండో వైపు పెట్టినా ఆపుతుంది గానీ అప్పుడు స్విచ్ టెర్మినళ్ళు ఎప్పుడూ లైవ్, స్పానర్ జారి బాడీకి తగిలితే నిప్పులే. ఎర్త్ వైపు అయితే తగిలినా స్విచ్ ఆన్ చేసినట్టు అవుతుందంతే. వైరు ఒరిజినల్ ఎంత లావో అంతే, 25 నుంచి 35 చదరపు మిల్లీమీటర్లు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టినవి పనికిరావు. పెట్టాక ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, మీరు మీటర్‌ని వోల్టుల్లో స్విచ్ రెండు బోల్టుల మీద పెట్టి చూడండి, 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనిపిస్తే ఆ స్విచ్ కానీ లగ్గులు కానీ బాలేవు.

ఇక్కడ జనం ఎక్కువగా దెబ్బతినే పాయింట్. స్విచ్ పెట్టాక బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద స్విచ్‌కి వెళ్ళే లావు వైరు తప్ప ఇంకేదీ ఉండకూడదు. స్టీరియో ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు డైరెక్ట్ బ్యాటరీకి ఇచ్చి ఉందనుకోండి, మీరు స్విచ్ ఆపారు, కానీ ఆంప్లిఫయర్ నుంచి స్టీరియోకి, స్టీరియో నుంచి యాంటెన్నా కేబుల్ పై అల్లికకి, అక్కడి నుంచి బాడీకి ఇంకో దారి ఉంది. లీకేజీ ఆ దారిన పోతూనే ఉంటుంది, అది చిన్న విషయం, ఎవరైనా స్విచ్ ఆఫ్‌లో ఉండగా సెల్ఫ్ కొడితే స్టార్టర్ కరెంట్ మొత్తం ఆ సన్నటి కేబుల్ గుండా దూరాలని చూస్తుంది, పొగ వస్తుంది. ఎక్స్‌ట్రా ఎర్త్ వైర్లన్నీ స్విచ్‌కి అవతల, బాడీ వైపు ఉండాలి.

ఇంజన్ నడుస్తుండగా ఈ స్విచ్ ఆపకండి. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇంజన్ ఆగదు, ఆల్టర్నేటర్ కరెంట్‌తోనే నడుస్తూ ఉంటుంది, బ్యాటరీ అనే కుషన్ లేక వోల్టేజ్ ఒక్కసారి ఎగిసి డయోడ్లు, రెగ్యులేటర్, స్టీరియో పోతాయి. రేసు కార్లలో నడుస్తుండగా ఆపేది వేరే రకం, దానికి ఆరు కాళ్ళుంటాయి, కాయిల్‌ని కూడా కోస్తుంది, ఆల్టర్నేటర్ శక్తిని ఒక రెసిస్టర్‌లోకి మళ్ళిస్తుంది. మనది పార్కింగ్ స్విచ్, దాన్ని మోకాలు తగిలే చోటా పిల్లలకి అందే చోటా పెట్టకండి.

గడియారం ఆగిపోతోందని బాధైతే స్విచ్ రెండు బోల్టుల మధ్య ఒక సన్నటి వైరుకి 1 లేదా 2 యాంప్స్ ఫ్యూజ్ పెట్టి కలపండి. స్విచ్ ఆపినా గడియారానికి సరిపడా కరెంట్ వెళ్తుంది, ఎవరైనా కీ తిప్పితే కాయిల్ లాగే 3, 4 యాంప్స్‌కే ఫ్యూజ్ పోతుంది. కానీ లీకేజీ ఉంటే అది కూడా ఈ సందులోంచి పారుతుంది, అందుకే ముందు కొలవమన్నది.

కిల్ స్విచ్‌తో ఒక ఫ్రీ లాభం ఉంది. ఇకమీదట లీకేజీ కొలవడానికి ఏదీ విప్పక్కర్లేదు, ఆ గడియారం ఫ్యూజ్ ఉంటే దాన్ని పీకి, స్విచ్ ఆన్‌లో ఉండగానే మీటర్ క్లిప్పులు దాని రెండు బోల్టులకి తగిలించి, కీ తీసి, డోర్లు వేసి, అప్పుడు స్విచ్ ఆఫ్ చెయ్యండి, కరెంట్ మీటర్ గుండా వెళ్తుంది, రీడింగ్ కనిపిస్తుంది. చూశాక ముందు స్విచ్ ఆన్, తర్వాత మీటర్ తియ్యండి.

స్టెప్ 6: ఛార్జర్, డైనమో లెక్క

నెలల తరబడి నిలబెట్టేవాళ్ళు మెయింటెనర్ ఛార్జర్ పెట్టుకోండి, ఫుల్ అయ్యాక 13.2 నుంచి 13.8 వోల్టుల మధ్య పట్టుకుని ఉండేది, మామూలు పాత ఛార్జర్‌ని వారాలపాటు వదిలేస్తే నీళ్ళు మరిగిపోతాయి. ఎర్త్ వైపు కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఛార్జర్ ఎర్త్ క్లిప్పు బాడీకి పెడితే ఛార్జ్ ఎక్కదు, సర్క్యూట్ అక్కడ తెగి ఉంది కదా, రెండు క్లిప్పులూ నేరుగా బ్యాటరీ టెర్మినళ్ళకే పెట్టాలి. ఈ ఛార్జర్ వైరు ఒక్కటీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద ఉండొచ్చు, దానికి బాడీతో సంబంధం లేదు కాబట్టి.

లీకేజీ సున్నా ఉన్నా బ్యాటరీ దిగుతోందంటే నడిచేటప్పుడే దిగుతోందేమో చూడండి. లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది దాదాపు 22 యాంప్స్, అది కూడా ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లు 9, ఫాగ్ లైట్లు 9, కాయిల్ 3 లేదా 4, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంకో 8 దాకా, మొత్తం 30 చేరింది. ట్రాఫిక్‌లో రాత్రిపూట ఇలా అరగంట నడిస్తే ఇంటికొచ్చేసరికి బ్యాటరీలో పావు వంతు దాకా ఖాళీ, మర్నాడు పార్కింగ్‌లో దిగిందని అనుకుంటాం. ఎల్ఈడీ బల్బులు వేసి లోడ్ తగ్గించుకోవడమో, ఆల్టర్నేటర్‌కి మారడమో చెయ్యాలి, ఇక్కడ ఏ స్విచ్చూ సాయం చెయ్యదు.

అన్నీ అయ్యాక ఫుల్ ఛార్జ్ చేసి, ఒక వారం కిల్ స్విచ్ ఆఫ్‌లో, మళ్ళీ ఫుల్ చేసి ఇంకో వారం ఆన్‌లో వదిలి వోల్టేజ్ రాసుకోండి. రెండు వారాల్లోనూ ఒకేలా కొద్దిగా పడితే మీ పని పూర్తయినట్టే. ఆఫ్‌లోనూ బాగా పడితే బ్యాటరీ మార్చండి. ఆన్‌లో మాత్రమే పడితే ఇంకా ఏదో ఒక వైరు మిగిలిపోయింది, స్టెప్ 2కి వెళ్ళండి, ఈసారి డ్యాష్‌బోర్డ్ వెనక నుంచి మొదలుపెట్టండి.